నవల, చరిత్ర, వెండితెర: ‘రుద్రమదేవి’ చిత్రంపై ప్రేక్షక స్పందన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- చారిత్రక నవల సినిమాగా మారేటప్పుడు వచ్చే ప్రధాన మార్పులను గుర్తించగలుగుతారు.
- ప్రేక్షకుల స్పందనను విమర్శకు ఆధారంగా ఎలా వాడుకోవాలో తెలుసుకుంటారు.
- చరిత్ర, నవలాకారుని కల్పన, సినిమా కల్పన అనే మూడింటి తేడాను వివరించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

ఒక ప్రసిద్ధ నవల సినిమాగా వచ్చినప్పుడు దానిని చదివినవారు సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటే: నవలలో ఉన్నది ఉన్నట్టు తీశారా? 1969లో విశ్వనాథ సత్యనారాయణ ‘ఏకవీర’ సినిమాగా వచ్చినప్పుడూ పాఠకులు దానిని నవల పక్కన పెట్టే చూశారు. సి. నారాయణరెడ్డి సంభాషణలు, కె.వి. మహదేవన్ సంగీతం ఉన్న ఆ చిత్రంలోని పాటలు నేటికీ వినబడుతున్నాయి. అయినా నవలకు సాహిత్యంలో ఉన్న స్థానం చిత్రానికి సినిమారంగంలో దక్కలేదు.

2015 అక్టోబరు 9న విడుదలైన గుణశేఖర్ చిత్రం ‘రుద్రమదేవి’ విషయంలో ఇందుకు భిన్నమైన పరిస్థితి కనిపిస్తుంది. ఇది ఒక నవలను మొత్తంగా తెరకెక్కించిన చిత్రం కాదు. కానీ ఇందులో ప్రేక్షకులను ఎక్కువగా ఆకట్టుకున్న పాత్ర అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ నవలలోని కథానాయకుడు. నవలను చదివినవారు తక్కువ, సినిమా చూసినవారు ఎక్కువ. అందువల్ల నవలా రచయిత ఊహ చాలామందికి చరిత్రగానే చేరింది. ఈ పాఠంలో మనం పరిశీలించే ప్రధానాంశం ఇదే.

2. చరిత్రలో రుద్రమ, గన్నారెడ్డి

ముందుగా చరిత్ర ఏం చెబుతోందో చూద్దాం. గణపతిదేవుని తరువాత రుద్రమదేవి సుమారు 1262 నుంచి 1289 వరకు ఓరుగల్లును పాలించింది. శాసనాలలో ఆమె రుద్రదేవ మహారాజు అనే పురుషనామంతో కూడా కనిపిస్తుంది. నిడదవోలు చాళుక్య వంశీయుడు వీరభద్రుడు ఆమె భర్త. దేవగిరి యాదవ రాజు మహాదేవుని దాడిని ఆమె తిప్పికొట్టింది. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం ఆమె మరణాన్ని తెలుపుతుంది. కాయస్థ అంబదేవునితో జరిగిన పోరులో ఆమె మరణించి ఉంటుందని చరిత్రకారులు భావిస్తున్నారు.

గోన గన్నారెడ్డి కూడా చారిత్రక వ్యక్తే. గోన వంశీయులు వర్ధమానపురం కేంద్రంగా కాకతీయులకు సామంతులుగా ఉన్నారు. నాగర్‌కర్నూల్ జిల్లాలోని నేటి నంది వడ్డెమానే ఆ వర్ధమానపురం. ‘రంగనాథ రామాయణం’ కర్తగా చెప్పే గోన బుద్ధారెడ్డిది ఈ వంశమే. 1294 నాటి రాయచూరు కోట శాసనం గన్నారెడ్డి కాలాన్ని గుర్తించడానికి ఉపకరిస్తుంది. శాసనాలలో కనిపించే గన్నారెడ్డి ఒక సామంత ప్రభువు. రాత్రివేళ కోటలు కొల్లగొట్టే గజదొంగ కాదు. ఆ రూపం బాపిరాజు కల్పించినది.

3. నవలలో గన్నారెడ్డి

బాపిరాజు (1895–1952) రచయిత మాత్రమే కాదు, చిత్రకారుడు కూడా. సినిమాలకు కళాదర్శకునిగా పనిచేశారు. హైదరాబాదు నుంచి వెలువడిన ‘మీజాన్’ పత్రికకు సంపాదకత్వం వహించారు. ‘హిమబిందు’లో శాతవాహనుల కాలాన్ని, ‘అడివి శాంతిశ్రీ’లో ఇక్ష్వాకుల కాలాన్ని చిత్రించినట్టే ‘గోన గన్నారెడ్డి’లో కాకతీయుల కాలాన్ని చిత్రించారు. ఆయన వర్ణనలలో రంగు, వస్త్రం, ఆభరణం, గుర్రపు నడక అన్నీ చిత్రకారుని చూపుతో వస్తాయి. అందుచేత ఈ నవల సినిమావారిని ఆకర్షించడంలో ఆశ్చర్యం లేదు.

ఓరుగల్లు కథను చెప్పిన నవల ఇదొక్కటే కాదు. వరంగల్లు ప్రాంతంలోని ఇనుగుర్తికి చెందిన ఒద్దిరాజు సోదరులు ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలలోనే ‘రుద్రమదేవి’ నవల రాశారు. నోరి నరసింహశాస్త్రి కూడా ఇదే పేరుతో నవల రాశారు. అయితే బాపిరాజు రాణిని నేరుగా కథానాయికగా పెట్టుకోలేదు. ఆమె సింహాసనానికి బయటినుంచి అండగా నిలిచే వీరుని ఎంచుకున్నారు. స్త్రీ ఏలుబడిని ఒప్పుకోని సామంతుల మధ్య ద్రోహిగా, దొంగగా పేరుపడి లోలోపల రాజ్యాన్ని కాపాడేవాడు గన్నారెడ్డి. ఈ నవలలో అన్నాంబిక కూడా ముఖ్యమైన పాత్ర. ఆమె ఓరుగల్లు చేరి రుద్రమకు ఆప్తురాలవుతుంది. కాబట్టి నవలలో రుద్రమ చుట్టూ ఉన్న బలం మగవారిది మాత్రమే కాదు.

4. ప్రేక్షక స్పందన: నాలుగు ధోరణులు

‘రుద్రమదేవి’ భారీ వ్యయంతో, త్రీడీలో వచ్చిన చిత్రం. తోట తరణి కళాదర్శకత్వం, ఇళయరాజా సంగీతం, అనుష్క, అల్లు అర్జున్, రానా, కృష్ణంరాజు, ప్రకాశ్‌రాజ్ వంటి నటులు దీని ఆకర్షణలు. దీనికి వచ్చిన స్పందనను నాలుగు ధోరణులుగా విభజించుకోవచ్చు.

అ) హంగుకు సంబంధించిన స్పందన: మూడు నెలల ముందు, 2015 జూలై 10న, ‘బాహుబలి: ది బిగినింగ్’ విడుదలైంది. ప్రేక్షకుడు ఆ చిత్రపు కొలబద్దను వెంట తెచ్చుకున్నాడు. గ్రాఫిక్స్ తేలిపోయాయని, యుద్ధ దృశ్యాలు బలంగా లేవని విమర్శలు వచ్చాయి. ఈ విమర్శలో కొంత నిజముంది. కానీ ‘బాహుబలి’ది పూర్తిగా ఊహించిన రాజ్యం. అక్కడ జలపాతం ఎంత ఎత్తున్నా అడిగేవారుండరు. ఓరుగల్లు నేటికీ నిలిచి ఉన్న చోటు. రెండింటినీ ఒకే కొలతతో కొలవడం సరికాదు.

ఆ) ప్రాంతానికి సంబంధించిన స్పందన: తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడింది. కొత్త రాష్ట్ర అధికార చిహ్నంలో కాకతీయ కళాతోరణం చేరింది. మరుసటి ఏడాదే ఈ చిత్రం వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం దీనికి వినోదపు పన్ను మినహాయించింది. ‘మన కోట, మన రాణి’ అన్న భావన ఇక్కడి ఆదరణకు ఒక కారణం. ఇది సినిమా గుణదోషాలకు సంబంధించిన తీర్పు కాదు. చాలాకాలం తెరమీద తమ చరిత్రను చూసుకోని ప్రజల సంతోషం. విమర్శకుడు దీనిని తక్కువగా చూడకూడదు. అలాగని కళావిలువగా లెక్కవేయకూడదు.

ఇ) భాషకు సంబంధించిన స్పందన: అంతఃపురంలోని పాత్రలు పుస్తకపు భాష మాట్లాడుతుండగా గన్నారెడ్డి ఒక్కడు తెలంగాణ యాసలో మాట్లాడతాడు. పదమూడో శతాబ్దపు సామంతుడు నేటి యాస ఎలా మాట్లాడతాడని కొందరు ప్రశ్నించారు. ఆ మాటకొస్తే మిగిలిన పాత్రల పుస్తకపు భాష కూడా పదమూడో శతాబ్దపుది కాదు. రెండూ నేటి రచయితలు ఎంచుకున్నవే. తెలుగు సినిమా ఏళ్ల తరబడి ఈ యాసను హాస్యపాత్రలకూ ప్రతినాయకులకూ కేటాయించింది. దానిని ఒక వీరుని నోట పెట్టడం ఈ చిత్రం చేసిన మంచిపని. ప్రేక్షకులు అందుకే ఆ పాత్రను తమవాడిగా భావించారు.

ఈ) నటునికి సంబంధించిన స్పందన: ఇది అన్నిటికంటే బలమైనది, అన్నిటికంటే ఆలోచించవలసినది. చిత్రం పేరు రుద్రమది. హాలులో ఈలలు గన్నారెడ్డివి. ఈ పాత్రకు అల్లు అర్జున్‌కు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సహాయ నటుడి పురస్కారం, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నంది పురస్కారాలలో ఎస్.వి. రంగారావు పేరిట ఇచ్చే పురస్కారం లభించాయి. అనుష్కకు అదే 2015 సంవత్సరానికి ఉత్తమ నటి నంది వచ్చింది. అయితే అది ‘సైజ్ జీరో’ చిత్రానికి.

5. విశ్లేషణ

రుద్రమ కథలోని సంఘర్షణ ఏమిటో ఒకసారి గుర్తుచేసుకోండి. స్త్రీ రాజ్యమేలితే సామంతులు ఒప్పుకోరు. కాబట్టి ఆమె పురుషవేషంతో, పురుషనామంతో సింహాసనం ఎక్కవలసివచ్చింది. ఏడు వందల ఏళ్ల తరువాత ఆమె కథను సినిమాగా తీస్తే దానికి గిరాకీ తేవడానికి ఒక మగ తార అవసరమయ్యాడు. ప్రేక్షకులు కూడా అతని రాకకే ఎక్కువగా ఎదురుచూశారు. ఆనాడు సామంతులు అడిగిన పూచీనే ఈనాడు సినిమా వ్యాపారం వేరే రూపంలో అడిగింది. కథ ఖండించిన ధోరణినే ఆ కథను చూసే తీరు కొనసాగించిందన్నమాట.

దీనికి ప్రేక్షకులనొక్కరినే బాధ్యులను చేయలేం. చిత్రం నవల నుంచి తీసుకున్నదేమిటి, వదిలేసినదేమిటి అని చూడాలి. గజదొంగ వేషాన్ని తీసుకుంది. అతని సాహసాన్ని, చమత్కారాన్ని తీసుకుంది. నవలలో రుద్రమ పక్కన నిలిచిన అన్నాంబిక వంటి స్త్రీకి మాత్రం తెరమీద ప్రేమకథకు మించిన చోటు దొరకలేదు. అందువల్ల రాణి ఒంటరిదైంది, వీరుడు పెద్దవాడయ్యాడు. ఈ చిత్రపు అసలు లోపం గ్రాఫిక్స్‌లో లేదు, ఈ ఎంపికలో ఉంది. నవలను చదివిన ప్రేక్షకులు ఎక్కువమంది ఉండి ఉంటే ఈ ప్రశ్న ఆనాడే గట్టిగా వినిపించేది.

పాఠకుల జ్ఞాపకం ఎంత ముఖ్యమో తెలుసుకోవడానికి మరో ఉదాహరణ చూద్దాం. కల్కి కృష్ణమూర్తి ‘పొన్నియిన్ సెల్వన్’ 1950–54 మధ్య తమిళంలో ధారావాహికగా వచ్చింది. మణిరత్నం దానిని రెండు భాగాలుగా తీసి 2022లో, 2023లో విడుదల చేశారు. తమిళ ప్రేక్షకుల ఇళ్లలో ఆ నవల తరతరాలుగా ఉంది. పాత్ర తెరమీదికి రాగానే పేరు చెప్పనవసరం లేకపోయింది. వంతియదేవన్ ఎలా ఉండాలి, నందిని ఎలా మాట్లాడాలి అన్నదానిపై వాదించుకోగలిగారు. అదే చిత్రం తెలుగులో వచ్చినప్పుడు పేర్లు గుర్తుండటం లేదని, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియడం లేదని చాలామంది అన్నారు. చిత్రం ఒక్కటే. నవల తెలిసిన చోట అది జ్ఞాపకానికి కొనసాగింపు అయింది. తెలియని చోట చిక్కుముడి అయింది.

మన ‘రుద్రమదేవి’ది మూడో స్థితి. ఇక్కడ నవల తెలియకపోవడం చిక్కు కలిగించలేదు. కథ తేలికగా అర్థమైంది కూడా. కానీ ఏది శాసనం చెప్పినది, ఏది బాపిరాజు ఊహించినది, ఏది గుణశేఖర్ చేర్చినది అన్న విభజన చెరిగిపోయింది. చిక్కుపడిన ప్రేక్షకుడు కనీసం అడుగుతాడు. అన్నీ తెలిశాయనుకున్న ప్రేక్షకుడు అడగడు. ఇందులో నష్టపోయినవారు ఇద్దరు. చరిత్రకు అందులో లేని గజదొంగ వచ్చి చేరాడు. బాపిరాజుకు తాను సృష్టించిన పాత్రపై దక్కవలసిన పేరు దక్కలేదు.

6. ఖిలా వరంగల్‌లో చూడవలసినది

వరంగల్లు పరిసరాల విద్యార్థులు వీలైతే ఒకరోజు ఖిలా వరంగల్‌కు వెళ్లి రండి. మట్టికోటను, దాని లోపలి రాతికోటను, నలభై అయిదు బురుజులను, కందకాన్ని చూడండి. నడిమధ్య స్వయంభూ శివాలయ శిథిలాల చుట్టూ నాలుగు దిక్కులా నిలిచిన కీర్తితోరణాలను చూడండి. సినిమాలో తోరణాలు, భవనాలు నిండుగా మెరుస్తాయి. ఇక్కడ తోరణాల మధ్య విరిగిన స్తంభాలు, పగిలిన పైకప్పు రాళ్లు, ముక్కలైన శిల్పాలు పరచుకొని ఉంటాయి. సినిమా కోటను నింపి చూపిస్తుంది. శిథిలం మాత్రం ఏమి పోయిందో చూపిస్తుంది. రుద్రమ విజయంతో కథను ముగించిన చిత్రానికీ, ఆమె మరణాన్ని నమోదు చేసిన చందుపట్ల శాసనానికీ ఉన్న తేడా ఇలాంటిదే. గెలుపునే కోరే ప్రేక్షకునికి సినిమా చాలు. సాహిత్య విద్యార్థికి చాలదు.

7. సారాంశం

చారిత్రక నవలను తెరకెక్కించడం తప్పు కాదు. కల్పన చేయడం నవలాకారుని హక్కు, మార్చుకోవడం దర్శకుని హక్కు. అయితే ఎవరి కల్పన ఎక్కడ మొదలైందో తెలుసుకోవడం పాఠకుని బాధ్యత. ‘రుద్రమదేవి’పై వచ్చిన స్పందనలో హంగు, ప్రాంతం, భాష, నటుడు అనే నాలుగు అంశాలు ప్రధానంగా కనిపిస్తాయి. మూలమైన నవల గురించి మాత్రం అంతగా చర్చ జరగలేదు. ప్రేక్షకులు ఏమన్నారో నమోదు చేయడంతోపాటు వారు ఏ విషయం గురించి మాట్లాడలేదో గుర్తించడం కూడా విమర్శలో భాగమే.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. శాసనాలలోని గోన గన్నారెడ్డికీ, బాపిరాజు నవలలోని గన్నారెడ్డికీ గల తేడాను వివరించండి.
2. చారిత్రక చిత్రంలో ప్రాంతీయ యాస వాడకం సమంజసమేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.
3. మీ ఇంట్లో లేదా మీ ఊరిలో ఈ చిత్రాన్ని చూసిన ముగ్గురితో మాట్లాడండి. వారు చరిత్రగా నమ్ముతున్న అంశాలలో నవలా కల్పన ఎంత, సినిమా కల్పన ఎంత అన్నది రెండు పుటలలో రాయండి.