గురి ఉన్నదీ, లేనిదీ

దూరదర్శన్ రోజుల్లో డాబా ఎక్కినవాళ్లకు యాంటెనా గురి సంగతి కొత్తగా చెప్పాలా? పైనుంచి "బొమ్మొచ్చిందా?" అని కేక, కింద గదిలోంచి "ఇంకాస్త కుడికి!" అని జవాబు. బ్రిటన్‌లో కారుకు తగిలించుకుని ఊరూరా తిప్పే కారవాన్ కప్పు మీద కూడా ఆ వంశపు యాంటెనాయే కనిపిస్తుంది. 1926లో జపాన్‌లో ఉడా, యాగి లోకానికి చూపిన పుల్లల వరసే రెండింటికీ మూలం. మన వీహెచ్ఎఫ్ పుల్లల్ని మూరల్లో కొలిచేవాళ్లం; వాళ్ల టీవీ యూహెచ్ఎఫ్‌లో, 600 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల వస్తుంది కనుక అక్కడ జానెడు పుల్ల చాలు.

దానికి పోటీ, బోర్లించిన మూకుడులాంటి ఏరియల్. దీనికి దిక్కుతో పనిలేదు. పుల్లల యాంటెనా ఒక్క టవర్‌నే నమ్ముకుని మిగతావాటికి వీపు చూపిస్తే, మూకుడు అందరికీ తలుపు తీస్తుంది, అక్కర్లేని పక్క టవర్‌కు కూడా. అందుకే దానికి శ్రమ ఎక్కువ, దీనికి రాబడి తక్కువ.

వింటర్ హిల్ వంటి పెద్ద టవర్ల తరంగాలు అడ్డంగా వస్తాయి. వేల్స్ లోయల్లోని చిన్న రిలేలవి ఎక్కువగా నిలువుగా. పుల్లల యాంటెనానైతే పక్కకు వాల్చి పుల్లల్ని నిలువు చేసుకోవచ్చు. మూకుళ్లలో చాలావాటికి ఆ వీలు లేదు. అయితే చీకటిపడ్డాక వానలో వచ్చి, తెల్లారగానే బండి కట్టేవాడికి మూకుడే హాయి. యాంటెనా నిలబెట్టిన గొట్టం దించడం మరిచిపోయి రోడ్డెక్కే భయమూ లేదు.

మన కాలంలో గురి తప్పితే తెర మీద చీమలు పాకేవి. అయినా వార్తలు వినేవాళ్లం. బ్రిటన్‌లో 2012 అక్టోబరుతో అనలాగ్ ముగిసింది. డిజిటల్‌లో అరకొర బొమ్మకు చోటు తక్కువ: నిగనిగలాడుతూ వస్తుంది, లేదా గళ్లుగళ్లుగా చిట్లి ఆగిపోతుంది. సిగ్నల్ పలచబడ్డచోట గురి విలువ అందుకే పెరుగుతుంది. టవర్ దగ్గరున్నచోట మూకుడికీ అదే బొమ్మ వస్తుంది.

బిగింపు దగ్గర మాత్రం రెండూ ఒక్కటే. కప్పుకు చిల్లు పెడితే చుట్టూ సీలెంట్ గట్టిగా పట్టించాలి. కారవాన్‌కు చెమ్మను మించిన శత్రువు లేదు. కేబుల్ మంచిదై ఉండాలి. 12 వోల్టుల బూస్టర్ అందిన సిగ్నల్‌ను పెంచుతుందే గాని అందనిదాన్ని పుట్టించలేదు. టవర్ పక్కనే ఉంటే దాన్ని కట్టేయడమే మేలు. చోటు మారిన ప్రతిసారీ టీవీని రీట్యూన్ చేయడమూ ఇద్దరికీ తప్పదు.

కాబట్టి ఎంపిక యాంటెనాది కాదు, మకాంది. వారం ఉండేవాడు గురి పెట్టుకుంటాడు; పూట ఉండేవాడు మూకుడుతో సరిపెట్టుకుంటాడు. గురి పెట్టేవాడు దిగీదిగగానే పక్క బండ్ల కప్పులు చూస్తాడు, అవి ఎటు తిరిగి ఉన్నాయో అని. కొత్త వీధిలో ఇల్లు మారిన రోజున మనమూ మొదట పక్కింటి డాబానే చూసేవాళ్లం.