నిద్రపట్టని రాజు విన్న పుస్తకం

మన ఇతిహాసాల్లో ధృతరాష్ట్రుడంత గొప్ప శ్రోత మరొకడు లేడు. పుట్టుగుడ్డి కనుక లోకమంతా ఆయనకు చెవిలోంచే వచ్చింది. పద్దెనిమిది రోజుల యుద్ధాన్ని సంజయుడి నోట విన్నాడు. భగవద్గీతనూ అలాగే విన్నాడు. అంతకుముందే ఒక రాత్రి తెల్లవార్లూ మేలుకుని విదురుడి చేత నీతి చెప్పించుకున్నాడు. వ్యక్తిత్వ వికాసమని పేరుపెట్టి ఇవాళ మనం కొనుక్కుంటున్న సరుకులో ఆ రాత్రి ఆయన చెవిన పడనిది దాదాపు లేదు. కోపాన్ని ఎలా అణచుకోవాలి, ఎవరితో ఆలోచన చెయ్యాలి, సంపద ఎవరి దగ్గర నిలుస్తుంది, మాట చేసిన గాయం ఎందుకు మానదు, అన్నీ విన్నాడు. మారలేదు. ఉద్యోగపర్వంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. చదివినా తనివి తీరదు, ఎవరైనా చదువుతుంటే విన్నా తీరదు.

ఆ రాత్రిని కవి ఎలా సిద్ధం చేశాడో చూడండి. సంజయుడు పాండవుల దగ్గరికి రాయబారం వెళ్ళి తిరిగొచ్చాడు. పొద్దుపోయాక రాజును కలిసి, నాలుగు నిష్ఠూరాలాడి, ధర్మరాజు ఏమన్నాడో రేపు సభలో చెబుతానని ఇంటికి పోయాడు. కబురు తెచ్చినవాడు కబురు చెప్పకుండానే పోయాడన్నమాట. ఇక ముసలిరాజుకు నిద్ర ఎక్కడిది? ఒళ్ళంతా మంటలు. తమ్ముణ్ణి పిలిపించాడు.

విదురుడు వచ్చీ రావడంతోనే నీతులు మొదలుపెట్టలేదు. నిద్రపట్టనివాళ్ళెవరో చెప్పాడు. బలవంతుడితో వైరం తెచ్చుకున్న బలహీనుడు, సొమ్ము పోగొట్టుకున్నవాడు, కాముకుడు, దొంగ. వీటిలో ఏ దోషమూ మీకు అంటలేదు కదా మహారాజా, పరుల సొత్తు మీద ఆశతో కుమిలిపోవడం లేదు కదా, అని అడిగాడు. అడిగిన తీరు వినయం, తగిలిన చోటు మర్మం. అన్నగారైనా రాజు రాజే. పైగా విదురుడు దాసికి పుట్టినవాడు, గొంతు పెంచడానికి వీల్లేదు. ఆ హద్దులో నిలబడే కత్తి ఎంత లోతుకు దించాడో తలచుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

వ్యాసుడి పాఠంలో విదురనీతి ఎనిమిది అధ్యాయాలు. ఒకటి అంటూ మొదలై రెండు, మూడు, నాలుగు అని అంకెల వరసలో సాగే మాటలు చాలా ఉన్నాయి. వినేవాడికి గుర్తుండడానికి చేసిన ఏర్పాటది. కాగితం అక్కర్లేదు, వేళ్ళు చాలు. ఆ వరసలో ఒకచోట విదురుడు, ఒంటరిగా చెయ్యకూడని పనులు చెబుతాడు. రుచైనది ఒక్కడే తినకూడదు, ఒక్కడే కూర్చుని వ్యవహారాలు తేల్చకూడదు, ఒక్కడే దారి నడవకూడదు, అందరూ నిద్రపోతుండగా ఒక్కడే మేలుకుని ఉండకూడదు. విడిగా చదివితే ఇది మామూలు పెద్దల మాట. కానీ ఎవరితో అంటున్నాడు? హస్తినాపురమంతా పడుకున్నాక ఒక్కడే మేలుకున్న రాజుతో! విదురుడు కావాలని అన్నాడా, వరసలో వచ్చిపడిందా, కవి చెప్పడు. చెప్పకపోవడంలోనే సొగసంతా ఉంది.

విరోచనుడి కథ ఇంకా నిర్దయగా ఉంటుంది. కేశిని అనే కన్య ఎదుట ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడికీ, బ్రాహ్మణుడైన సుధన్వుడికీ ఎవరు గొప్ప అన్న వాదు పడింది. ప్రాణాలే పందెం. తీర్పుకు ఇద్దరూ ప్రహ్లాదుడి దగ్గరికే వెళ్ళారు. కొడుకు ప్రాణం తన నాలుక మీద ఉందని తెలిసీ సుధన్వుడే గొప్ప అన్నాడు ప్రహ్లాదుడు. ఆ సత్యానికి మెచ్చి సుధన్వుడు కొడుకు ప్రాణాన్ని తండ్రికే తిరిగి ఇచ్చేశాడు. కొడుకుకు అడ్డు చెప్పలేని తండ్రికి, కొడుకుకు వ్యతిరేకంగా తీర్పు చెప్పి కొడుకును దక్కించుకున్న తండ్రి కథ ఇది. అంతటితో ఆపలేదు విదురుడు. కాబట్టి మహారాజా, నేల కోసం అబద్ధమాడకు, కొడుకుల వెంటబడి నాశనం కావద్దు అని తేల్చి చెప్పాడు. రాజు ఏమన్నాడు? ఇంకా చెప్పమన్నాడు.

ఆ ‘ఇంకా చెప్పు’ దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. చెవుల్లో తీగలు పెట్టుకుని పొద్దున్నే పార్కుల్లో నడిచే మనందరి మాట అది. ఒక పుస్తకం అయిపోగానే ఇంకొకటి, అదీ ఒకటిన్నర రెట్ల వేగంతో. విదురుణ్ణి ఆ వేగంతో వింటే ధృతరాష్ట్రుడికి రాత్రి మూడింట రెండు వంతులకే అయిపోయేది, తక్కిన మూడో వంతుకు మరో విదురుడు కావలసివచ్చేవాడు.

తిక్కన విదురనీతిని తెనిగించినప్పుడు కుదించాడు, కానీ చలవ తగ్గనివ్వలేదు. ఆయనే ఒక మంత్రి. నెల్లూరి మనుమసిద్ధి రాజ్యం పోగొట్టుకున్నప్పుడు ఓరుగల్లు గణపతిదేవుడి దగ్గరికి వెళ్ళి సాయం తెచ్చాడని కాసె సర్వప్ప ‘సిద్ధేశ్వర చరిత్ర’ చెబుతుంది. రాజుకు హితం చెప్పడమంటే ఎన్ని మాటలు మింగడమో తెలిసిన కలం అది. అందుకే ఈ ఘట్టాన్ని కళ్ళతో చదవడం సగమే. అరుగు మీద ఒకరు పద్యం చదువుతుంటే మరొకరు అర్థం చెప్పే పురాణ కాలక్షేపంలో విన్నప్పుడు, పద్యానికీ వచనానికీ మధ్య వచ్చే ఆ కాస్త ఊపిరిలో రాజు మౌనం కూడా వినపడుతుంది. ఫోనులో విన్నా సరే, చదివే మనిషికి తొందర లేకపోతే చాలు.

ఇందులో రసం ఏది? విదురుడి మాటలు మాత్రమే తీసుకుంటే శాంతం. వింటున్నవాణ్ణి పక్కన కూర్చోబెడితే కరుణ. ఆ కరుణకు శిఖరం చివర్లో రాజు ఒప్పుకోలు. నువ్వు చెప్పినట్టే నా మనసూ ఉంటుంది, పాండవుల మీద ప్రేమగానే ఉంటుంది, దుర్యోధనుడు ఎదటికి వచ్చేసరికి తిరగబడిపోతుంది. విధిని దాటడం ఎవరి తరం, అంటాడు. విధి మీదికి నెట్టడం తప్పించుకోవడమే, సందేహం లేదు. కానీ ముందు మాట అబద్ధం కాదు. తన జబ్బు ఇంత కచ్చితంగా తెలిసిన రోగి సాహిత్యంలో అరుదు.

మారలేదని పైన తేలిగ్గా అనేశాను గానీ, కథ అక్కడితో తేలదు. యుద్ధమయ్యాక 15 ఏళ్ళు ధర్మరాజు నీడలో బతికి, భీముడి సూటిపోటి మాటలకు విరక్తి పుట్టి అడవికి బయలుదేరేముందు ధృతరాష్ట్రుడు ఒక పని చేస్తాడు. ధర్మరాజును కూర్చోబెట్టి రాజనీతి చెబుతాడు. పెద్దలను గౌరవించు, ఆలోచన గుట్టుగా ఉంచు, కోటను, కోశాన్ని, చారులను కనిపెట్టుకుని ఉండు. తన చేతిలో దేశం ఉన్నప్పుడు ఎన్నడూ పాటించని మాటలు, ఒక్కటీ మరిచిపోకుండా! ధర్మరాజు నవ్వడు. భీష్ముడు లేడు, కృష్ణుడు దూరాన ఉన్నాడు, విదుర సంజయులు కూడా మీతో వచ్చేస్తే ఇక నాకు చెప్పేవారెవరు అంటాడు. ఆ తర్వాత అడవిలో, చెట్టుకు ఆనుకుని నిలబడ్డ విదురుడు చూస్తూ చూస్తూ ధర్మరాజులోనే కలిసిపోయాడు. ధృతరాష్ట్రుడి చెవి మీదుగా సాగిన ఆ వాక్కుకు అసలు శ్రోత ఎవరో కవి అంత దూరం ఆగి చూపించాడు.

అందుకే విదురనీతిని సూక్తుల జాబితాగా విడగొట్టి అమ్మే చిన్న పుస్తకాలంటే నాకు చిరాకు. సూక్తులు ఎక్కడైనా దొరుకుతాయి. అచ్చువేసేవాళ్ళు మొదట సంజయుడు వెళ్ళిపోయిన రెండు పేజీలు, చివర రాజు ఒప్పుకున్న అర పేజీ కలిపి వేస్తే కాగితం ఖర్చు పెద్దగా పెరగదు.