ఉత్తరంలో ఎవరి గొంతు?

హోసూరు ప్రాంతంలోని ఒక చిన్న గ్రంథాలయంలో నాలుగు ఆదివారాలు ఉత్తరాలు రాసే శిబిరం నడిపాము. రెండు బల్లలు, ఒక తెలుగు బీరువా, పదిహేడు మంది మనుషులు. పదేళ్ల పిల్లల నుంచి డెబ్బై దాటిన అవ్వ వరకు వచ్చారు. చేతిలో ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని అడిగినవాళ్లూ ఉన్నారు. ప్రశ్న న్యాయమైనదే. టెలిగ్రాం 2013లో ఆగిపోయింది. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. 1879లో కాలణాకు మొదలైన కార్డు ఇంకా ఉన్నా, దాన్ని కొనేవాళ్లు అరుదు.

అయినా మన సరిహద్దు ఊళ్ల సంగతి వేరు. మనకు తెలుగు నోట ఉంది, చేతిలో లేదు. తమిళనాడులో 2006 నాటి చట్టం తరువాత తమిళం ఏటా ఒక తరగతి చొప్పున తప్పనిసరి అయింది. పిల్లలకు తెలుగు అక్షరం పక్కకు జరిగింది. నోటి తెలుగు చేతికి రావడానికి కథ కన్నా, పద్యం కన్నా ఉత్తరం దగ్గరి దారి అని నా నమ్మకం. ఆ నమ్మకం శిబిరంలో ఎంతవరకు నిలిచిందో, నేనెక్కడ తప్పానో చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి ఆదివారం ఏ సూచనా ఇవ్వకుండా ఒక ఉత్తరం రాయమన్నాము. తెలుగు చదువుకున్న పెద్దలు వెంటనే కలం పట్టారు. ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టి, ‘ఇట్లు’ అని ముగించారు. ఆ రెంటి మధ్య చెప్పిందేమీ లేదు. మన పాత ఉత్తరాల మర్యాద చాలా గట్టిది. మహారాజశ్రీ, చిరంజీవి, లక్ష్మీసౌభాగ్యవతి – మనిషి నోరు తెరవకముందే ఎవరి మెట్టు ఎక్కడో ఆ మాటలు తేల్చేస్తాయి. భర్త పోయిన స్త్రీకి రాసే ప్రతి ఉత్తరంలోనూ ‘గంగాభాగీరథీ సమానురాలైన’ అని ఆమె వైధవ్యాన్ని మళ్లీ మళ్లీ గుర్తుచేసిన మర్యాద అది. అందులో కొంత ఆప్యాయత ఉందని ఒప్పుకుంటాను. కాని ఆ చట్రం పిల్లలకు నేర్పితే వాళ్లకు మిగిలేది చట్రమే.

పోటీల కోసం రాసే ఉత్తరాల సంగతీ ఇంతే. ప్రపంచ తపాలా సమాఖ్య 1971 నుంచి పిల్లలకు, మన తపాలా శాఖ 2017 నుంచి అన్ని వయసులవాళ్లకూ ఉత్తరాల పోటీలు పెడుతున్నాయి. మంచి పనే. అయితే అంశం ముందే ఇచ్చి, న్యాయనిర్ణేత కోసం రాయించినప్పుడు అది ఉత్తరం వేషం వేసుకున్న వ్యాసమవుతుంది. సంబోధన తీసేసినా అందులో ఏ లోటూ కనబడదు.

ఈ కొలబద్దనే మన సాహిత్యానికి పెట్టి చూద్దాం. రెండో ఆదివారం బీరువాలోంచి మూడు పుస్తకాలు తీశాము. గోపీచంద్ ‘పోస్టు చెయ్యని ఉత్తరాలు’ గొప్ప ఆలోచనల పుస్తకం. కాని పేరులోనే దాని పరిమితి ఉంది. పోస్టు చెయ్యని ఉత్తరానికి ఎదుటివాడు అక్కర్లేదు; రచయిత తనతో తానే వాదించుకోవచ్చు. చలం ‘ప్రేమలేఖలు’ చదివినప్పుడు కుర్రవాళ్ల కళ్లు మెరిశాయి. ఆ వాక్యపు వేగం ఈనాటికీ తగ్గలేదు. అయితే ఆ లేఖలు అందుకున్న స్త్రీ ఏమంటుందో మనకు వినబడదు. ఆమె ఆరాధనకు ఆలంబనం మాత్రమే. ఆ ధోరణిని అనుకరించినవాళ్ల రాతల్లో ఆవేశం మిగిలి, మనిషి మాయమయ్యాడు. శిబిరంలోనూ అదే జరిగింది. అదే చలం చింతా దీక్షితులుకు రాసిన ఉత్తరాలు తెరిస్తే తేడా తెలుస్తుంది. అక్కడ ఎదుట ఒక స్నేహితుడున్నాడు. అతనికి ఏది తెలుసో, ఏది చెప్పాలో రాసేవాడికి ఎరుక ఉంది. శిల్పం గురించి పట్టింపు లేకపోవడమే వాటి శిల్పం.

మన బోటి ప్రవాసాంధ్రులకు ఇంకొక ఉదాహరణ చెప్పాలి. ఇడైసేవల్ గ్రామంలో పుట్టిన కి. రాజనారాయణన్ (1923–2021) ఇంటిభాష తెలుగు. తెలుగువాళ్ల వలసను ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశాడు, తమిళంలో. తన కరిసల్ నేల ముచ్చట్ల పుస్తకానికి ‘కడుదాసి’ అని, అంటే ఉత్తరమని, పేరు పెట్టుకున్నాడు. అదీ తమిళమే. ఆయనను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ రచనలు తమిళానికి దక్కిన భాగ్యం. తెలుగు ఇంట్లో ఉండి కలంలోకి రాకపోతే ఏమవుతుందో చెప్పడానికే అంటున్నాను.

ఇప్పుడు నా తప్పు. మూడో ఆదివారం అవ్వ బెంగుళూరులో ఉన్న తమ్ముడి కూతురికి ఉత్తరం చెబుతూ ఉంటే నేను రాశాను. ‘మేమంతా బాగుండాము. నువ్వెట్లుండావు? ఈ తూరి చింతచెట్టు బాగా కాసింది’ అని ఆమె అంది. ‘మేమంతా కుశలంగా ఉన్నాము. నీవు ఎలా ఉన్నావు? ఈసారి చింతచెట్టు విరగకాసింది’ అని నేను రాసి, చదివి వినిపించాను. అవ్వ కాసేపు ఊరకుండి, ‘నువ్వు రాసిండేది నీ మాట నాయనా, నా మాట కాదు’ అంది. నాలుగో ఆదివారం రాలేదు.

ఆ మాట నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. వాడుక భాషకోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండి ఆ పని చేశాడు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరితే ఊరు వదిలి రాజమండ్రి వచ్చాడు. అంతకుముందే, 1852లో, బ్రౌను తన ‘తెలుగు రీడర్’లో మామూలు మనుషుల సొంత ఉత్తరాలూ, వ్యాపారపు ఉత్తరాలూ అచ్చువేశాడు. జనం నిజంగా రాసే తెలుగు దొరలకు తెలియాలన్నది అందులోని ఉద్దేశం. ఇంత చరిత్ర చదివినవాణ్ణి, గ్రాంథికం పోయిన చోట కోస్తా పత్రికల తెలుగును కూర్చోబెట్టి, అదే వాడుక భాష అనుకున్నాను. అవ్వ భాషకు నేనే పండితుణ్ణయ్యాను.

మరి లిపి మాట? ఇద్దరు కాలేజీ పిల్లలు తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాశారు. తమిళంలో క, గలకు ఒకటే అక్షరం గనుక ‘గాలి’కీ ‘కాలి’కీ తేడా పోయింది. అయినా రాయనిమ్మన్నాము. మొదట గొంతు రావాలి, అక్షరం వెనక వస్తుంది అనుకున్నాము. ఇప్పుడు ఆ మాటకు ఒక సవరణ చేర్చాలి.

శిబిరం అయ్యాక అవ్వ ఇంటికి వెళ్లి, ఆమె చెప్పింది చెప్పినట్టు తెలుగు అక్షరాల్లో రాసి పోస్టు చేశాను. పది రోజులకు ఆ కూతురు అవ్వకు ఫోను చేసింది. ఆమె చదువు కన్నడంలో సాగింది. తెలుగు అక్షరం నేర్చుకోలేదు. కాని రెండు లిపులూ అక్కచెల్లెళ్లు గనుక కూడబలుక్కుంటూ చదివిందట. ‘బాగుండాము’ దగ్గరికి వచ్చేసరికి అత్త ఎదుట కూర్చుని మాట్లాడినట్టే ఉందని ఏడ్చిందట. తమిళ లిపిలో రాసి ఉంటే ఆమెకు అక్షరం తెలిసేది కాదు. నా ‘కుశలం’తో పంపి ఉంటే అక్షరాలు తెలిసినా అత్త కనబడేది కాదు. మాట అవ్వది కావాలి, అక్షరం మనది కావాలి. రెండూ ఉంటేనే ఆ ఉత్తరం ఇల్లు చేరింది.

జవాబు ఫోనులో వచ్చింది, కాగితం మీద కాదు. దాన్ని దాచను. పంపిన పదిహేడింటికి కాగితం మీద వచ్చిన జవాబులు రెండే. ఈ శిబిరాలు తెలుగును నిలబెడతాయని గొప్పలు చెప్పడానికి ఆ లెక్క చాలదు. కాని మీ ఊరి గ్రంథాలయంలో ఎవరైనా ఈ పని తలపెడితే మూడు మాటలు మనవి చేస్తాను. అంశం ఇవ్వకండి, నిజమైన చిరునామా అడగండి. రాసిన ప్రతి ఉత్తరానికీ బిళ్ల అంటించి డబ్బాలో వేయండి. మాట దిద్దడానికి చెయ్యి దురద పెడితే, కలం కిందపెట్టి వినండి.