సీమ టపా చేతులు మారే చోట

పాత కవరు ఏది చేతికొచ్చినా నేను ముందు వెనక్కి తిప్పి చూస్తాను. స్టాంపు అందం ఎక్కడికీ పోదు, తర్వాత చూసుకోవచ్చు. వెనక పడ్డ ముద్రలు మాత్రం ఆ ఉత్తరం వచ్చిన దారి చెబుతాయి. ఏ ఊళ్లో ఏ తేదీన చేతులు మారిందో, ఎక్కడ ఆలస్యమైందో అన్నీ అక్కడే ఉంటాయి. లండన్ నుంచి మన వైపు వచ్చిన కవరు మీద ‘సీ పోస్టాఫీస్’ అన్న గుండ్రటి ముద్ర కనిపించిందంటే ఇక ఆ పూట నాకు వేరే పని తోచదు.

ఆవిరి యంత్రం వచ్చాక ఉత్తరాలు తొందరగా అందాయని చదువుకున్నాం. అది సగం నిజమే. రైలు దిగి ఓడ ఎక్కాల్సిన చోట సంచి ఒక రోజు పడి ఉంటే రైలు సంపాదించిన వేగమంతా అక్కడే ఖర్చయిపోతుంది. సీమ టపాను, అంటే ఇంగ్లండు నుంచి వచ్చే టపాను, తొందరగా తెచ్చిన ఘనతలో పెద్ద వాటా ఇంజన్లది కాదని, ఆ సంచి ఎక్కడా ఊరికే పడి ఉండకుండా చూసుకున్న మనుషులదని నా నమ్మకం.

సీమ టపా ఈజిప్టు దారి చరిత్ర మొదలైందే అందని ఓడతో. గుడ్ హోప్ అగ్రం చుట్టి వచ్చే ఓడల్లో ఉత్తరం హిందూదేశం చేరడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టే రోజులవి. ఈజిప్టు మీదుగా వస్తే ఎంత తగ్గుతుందో చూపిస్తానని థామస్ వాగ్‌హార్న్ అనే ఆయన 1829 అక్టోబరులో లండన్ నుంచి బయల్దేరాడు. డిసెంబరుకల్లా సూయెజ్ చేరాడు. అక్కడ కలవాల్సిన ఎంటర్‌ప్రైజ్ అనే ఆవిరి ఓడ మాత్రం రాలేదు. ఆయన ఆగలేదు. కప్పులేని పడవ ఒకటి మాట్లాడుకుని ఎర్ర సముద్రంలో జెడ్డా వైపు సాగిపోయాడు. ఆయన పట్టుదలకు దణ్ణం పెట్టాల్సిందే. కానీ వారం వారం వచ్చే టపాను ఒక మనిషి పట్టుదల మీద నడపలేం కదా.

నలభై ఏళ్ల తర్వాత 1869 నవంబరులో సూయెజ్ కాలువ తెరిచారు. ఇక ఓడెక్కిన సంచి నేరుగా బొంబాయిలో దిగుతుందనుకుంటాం. అలా జరగలేదు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి సీమ టపా అలెగ్జాండ్రియాలో దిగి, ఈజిప్టు రైల్లో సూయెజ్ చేరి, అక్కడ మళ్లీ ఇంకో ఓడ ఎక్కుతూనే ఉంది. అప్పట్లో కాలువలో రాత్రిపూట ఓడలు కదలడానికి వీల్లేదు, రైలుకు ఆ అడ్డు లేదు. విద్యుద్దీపాల వెలుగులో రాత్రి ప్రయాణానికి 1887లో అనుమతి వచ్చింది. ఆ మరుసటి ఏడాది టపా కాలువ బాట పట్టింది. చరిత్ర పుస్తకాలు కాలువ తవ్విన సంవత్సరాన్నే గుర్తుపెట్టుకోమంటాయి. టపా చూసేవాళ్లకు దీపాలు వెలిగిన సంవత్సరమే ముఖ్యం.

యూరప్ వైపు కూడా ఇలాంటి సర్దుబాట్లే. ఫ్రాన్సు, ప్రష్యాల యుద్ధంతో 1870లో టపా వచ్చే ఫ్రాన్సు రేవు మార్సెయ్ దారి చెడింది. దాంతో టపాను ఇటలీ దక్షిణ కొసన ఉన్న బ్రిండిసీకి మళ్లించారు. 1871లో ఆల్ప్స్ కింద మాంట్ సెనిస్ సొరంగం తెరవడంతో ఆ దారి స్థిరపడింది. శుక్రవారం రాత్రి లండన్‌లో బయల్దేరిన సంచి ఆదివారం రాత్రికి బ్రిండిసీలో ఉండేది. 1898 నుంచి ఐసిస్, ఒసైరిస్ అనే రెండు చిన్న వేగపు ఓడలు దాన్ని కాలువ మొదట్లోని పోర్ట్ సయీద్ చేర్చేవి. ప్రయాణికులతో లండన్ నుంచి కొన్ని రోజుల ముందే బయల్దేరిన పెద్ద ఓడను ఉత్తరం అక్కడ అందుకునేది. ఇరవయ్యో శతాబ్దం మొదటికి లండన్, బొంబాయిల మధ్య సుమారు రెండు వారాలు పట్టేది.

వీటన్నిటికంటే నేను మెచ్చేది సీ పోస్టాఫీసును. 1868లో ఆ ఏర్పాటు మొదలైంది. మన తపాలా శాఖ సార్టర్లు ఓడలో ఉండి, తర్వాతి కాలంలో ఏడెన్ నుంచి బొంబాయి దాకా, వచ్చే ఉత్తరాలను ఊళ్లవారీగా విడదీసేవారు. ఓడ వేగాన్ని పెంచడం సార్టర్ల చేతిలో లేదు. ప్రయాణానికి ఎలాగూ పట్టే ఆ అయిదారు రోజులను వాళ్లు పని రోజులుగా మార్చారు. బొంబాయిలో దిగాక చేయాల్సిన పని దిగకముందే ముగిసేది. చెప్పడానికి తేలికగానే ఉంటుంది. జూన్, జూలై నెలల్లో అరేబియా సముద్రం మీద నైరుతి గాలి ఎలా ఉంటుందో ఊహించండి. ఉక్కపోసే గది, ఊగే నేల, ఎదురుగా సార్టింగ్ గళ్లు, కాళ్ల దగ్గర ఇంకా విప్పని సంచులు. కడుపులో తిప్పుతున్నా నెల్లూరు కవరు నెల్లూరు బండికే పడాలి. ఎక్కడా కనిపించని ఊరి పేరు చూసి అది ఏ రైలు దారిలో ఉందో చెప్పగలగాలి. రైల్వే మెయిల్ సర్వీసు (ఆర్.ఎం.ఎస్.)లో చేసిన ఒక పెద్దాయన ఈ విద్య గురించి నాకు చెప్పారు. చిరునామా మొత్తం చదవరట, ఊరి పేరు మీద కన్ను పడేసరికి చెయ్యి గడి వైపు వెళ్లిపోవాలట. కదిలే రైల్లో అది ఎంత కష్టమో ఆయన చెబుతుంటే, ఓడలో చేసినవాళ్లే నా కళ్లలో మెదిలారు. 1914లో యుద్ధం రావడంతో సీ పోస్టాఫీసు ఏర్పాటు ఆగిపోయింది.

బొంబాయి రేవు నుంచి సంచులు నేరుగా రైళ్లకు వెళ్లేవి. కలకత్తాతో రైలు కలిసింది 1870లో. ఆ తర్వాతి ఏడాదే మద్రాసు దారి రాయచూరు దగ్గర కలిసింది. అంటే మద్రాసు వర్తకుడికి లండన్ నుంచి వచ్చిన ఉత్తరం గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, కడప, రేణిగుంటల మీదుగా వెళ్లేది. ఆ స్టేషన్ల మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు ఆ సంచులే గుర్తొస్తాయి. తర్వాత 1928లో మొదలైన ఫ్రాంటియర్ మెయిల్ వేళలను కూడా సీమ ఓడ రాకను బట్టే కుదిర్చారు.

ఇక టపా రేట్ల విషయంలో దేశాల మధ్య లెక్కల చిక్కు విప్పింది 1874 అక్టోబరు 9న బెర్న్‌లో కుదిరిన తపాలా ఒప్పందం. మన దేశం అందులో 1876లో చేరింది. అంతకుముందు ఏ రెండు దేశాలకు ఆ రెండింటికీ వేరు ఒడంబడిక, వేరు రేటు.

మన కోస్తాకు మాత్రం సీమ కంటే రంగూనే దగ్గర. కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల నుంచి ఎన్ని వేల మంది అక్కడికి కూలి పనికి వెళ్లారో! బర్మా 1937 దాకా ఇండియాలో భాగం కాబట్టి బంగాళాఖాతం దాటి వచ్చే ఆ ఉత్తరం దేశంలోపలి టపా కిందే లెక్క. కాకినాడలో అప్పట్లో ఓడ ఒడ్డుకు రాలేక దూరాన లంగరు వేసేది. సంచులు పడవల్లో దిగాలి, సముద్రం పోటు మీదుంటే ఆగాలి. రంగూన్ మనియార్డరు కోసం ఎదురుచూసే ఇంటికి ఆ కాస్త నీళ్లే మిగతా ప్రయాణమంతటి కంటే పెద్దవై ఉంటాయి. ఈ చేతులు మారే చోటు గురించి మన దగ్గర రాసినవాళ్లు చాలా తక్కువ. అది నాకు బాధగానే ఉంటుంది.

అందుకే చదివేవాళ్లకు ఒక మనవి. మీ ఇంట్లో తాతల కాలం నాటి ఉత్తరాల కట్ట ఉంటే, రంగూన్‌వి కానీ దక్షిణాఫ్రికాలోని నేటాల్‌వి కానీ, స్టాంపు కోసం కవరు కత్తిరించకండి. లోపలి కాగితం ఒకటి దాచి కవరు పారేయకండి. రెండు వైపులా ఫొటో తీసి, తేదీలు చదవగలిగితే ఒక కాగితం మీద వరసగా రాసి పెట్టండి. పెన్సిలుతోనే రాయండి, కవరు మీద మాత్రం వద్దు.