గోపల్ల గ్రామం: వంగిన చెట్టు, కాల్చిన అడవి

కి. రాజనారాయణన్ గారి ‘గోపల్ల గ్రామం’ 1976లో తమిళంలో వచ్చిన నవల. ఆయన ఇంటి భాష తెలుగు, ఊరు కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్. నవాబుల కాలంలో ఒక ఆడపిల్లను కాపాడుకోవడానికి తెలుగువాళ్లు రాత్రికి రాత్రి దక్షిణానికి పారిపోయి వచ్చి, కొత్త ఊరు కట్టుకున్న కథ ఇది. మన పెద్దవాళ్లు చెప్పే వలస కథల వంటిదే కాబట్టి నేను చానా ఆశతో చదివినాను.

వెనక తరుముకొని వస్తుంటే ముందర నది అడ్డం పడుతుంది. అప్పుడు ఒడ్డున ఉన్న చెట్టు వంగి దారి ఇస్తుంది. ఇది నిజమా అని అడగడం నాకు ఇష్టం లేదు. ప్రాణభయంతో పరుగెత్తినవాళ్లకు ఆ చెట్టు అమ్మలాగే కనబడి ఉంటుంది.

అయితే ఆ వంశంవాళ్లే తరువాత సేద్యం కోసం అడవికి నిప్పు పెడతారు. నాకు ఇక్కడే మనసు ఆగిపోయింది. తిండి లేనివాళ్లు ఇంకేం చేస్తారప్పా అని మా అవ్వ అన్నది. ఆ మాట న్యాయమే. కానీ చెట్టుకు మొక్కినవాళ్లు అడవిని కాల్చేటప్పుడు ఏమనుకున్నారో రచయిత ఇంకా కొంచెం ఆగి చెప్పి ఉంటే బాగుండేది. మనుషుల కష్టాన్ని చెప్పినంత ఓపికగా అడవి పోవడాన్ని చెప్పలేదని నాకు అనిపించింది.

మిడతల దండు వచ్చి పచ్చగా ఉన్నదంతా తినేసే భాగం మాత్రం మరిచిపోలేను. అడవి తీసి పంట పెట్టినారు, ఆ పంటే మిడతలకు విందు అయింది. రచయిత ఇట్లా విప్పి చెప్పడు, నేను రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టి చదువుకున్నాను.

మనుషులు నేలను మార్చినట్టే నేల కూడా వాళ్లను మార్చింది. మన హొసూరు వైపు ఎర్రమన్ను, రాగిసంగటి. అక్కడ వాన కోసం ఎదురుచూసే నల్లరేగడి, పత్తి, సజ్జలు. ఆ నేలను తమిళంలో కరిసల్ అంటారు. ఆ సీమ మాటలన్నీ ఏరి కి. రా. గారు ఒక నిఘంటువే చేసినారు. తెలుగు ఇంట్లో పుట్టిన మనిషి పొరుగు భాషకు చేసిన ఈ పని నాకు నవలంత గొప్పగా కనబడుతుంది.

దీని తరువాతి నవల ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. సెలవుల్లో అది చదవాలి. కాల్చిన చోట మళ్లీ ఒక్క చెట్టైనా నాటినారా అని చూడాలి.