పిలుపు, పట్టు : ఒక ప్రయోగముపై విమర్శ

కణోపరితల గ్రాహకములను గూర్చి వ్రాయువారు తాళము, తాళపుచెవి అను ఉపమానమును విడువరు. హార్మోను గాని వృద్ధికారకము గాని తాళపుచెవి వలె గ్రాహకమున ఇమిడినచో కణములోనికి సంకేతము పోవునని దాని తాత్పర్యము. ఉపమానము సులభమైనదే, కాని అందొక లోపము కలదు. తలుపు ఇంటికి బిగించి యున్నను, వడ్రంగి కొట్టులో పడియున్నను, తాళము ఒకే రీతిగా తెరచుకొనును. కణము అట్లు కాదు. అది దేనిని పట్టుకొని యున్నదో దానిని బట్టి అదే పిలుపునకు వేరు వేరు విధముల బదులిచ్చును.

ఈ పట్టు ఇంటెగ్రిన్ల పని. ఆల్ఫా, బీటా అను రెండు ప్రోటీను గొలుసుల జతయే ఇంటెగ్రిన్. మానవునిలో ఇవి 24 రకములు. వెలుపల లామినిన్, కొల్లాజెన్ వంటి ప్రోటీన్లను పట్టుకొని, లోపల కణపంజరముతో ముడిపడి యుండును. ఇవి లంగరులు మాత్రమే గాక సంకేతవాహకములు కూడ.

ఈ రెండింటి పొత్తును స్పష్టముగ చూపినవి అమెరికాలో మీనా బిస్సెల్ బృందము 1997, 1998 సంవత్సరములలో ప్రకటించిన ప్రయోగములు. ఒకే వంశమునకు చెందిన మానవ స్తనకణములలో మామూలువానిని, కాన్సరు లక్షణములు గలవానిని మెత్తని ఆధారపదార్థములో అన్ని వైపుల పెరుగునట్లు పెంచిరి. మామూలువి క్రమమైన చిన్న గుళికలుగను, కాన్సరువి అస్తవ్యస్తమైన ముద్దలుగను పెరిగినవి. బీటా-1 ఇంటెగ్రిన్‌ను అడ్డగించు యాంటీబాడీ చేర్చగా కాన్సరు కణములు పెరుగుట మాని గుళికల రూపము దాల్చినవి. ఇ.జి.ఎఫ్. అను వృద్ధికారకపు గ్రాహకమును అడ్డగించినను ఫలితమదే. ఒకదానిని అణచగా రెండవదియు తగ్గినది. వీని నడుమ వారధి మాప్ కైనేజ్ మార్గము. అవే కణములను చదునైన పళ్ళెములో పెంచినపుడు ఈ పరస్పర సర్దుబాటు కానరాలేదు.

ప్రయోగముల ఘనత ఇచ్చటనే యున్నది. కణమును పెంచు పాత్రయే జవాబును మార్చగలదని ఇవి నిరూపించినవి. అయితే వీనినుండి తీసిన నిర్ణయమును జాగ్రత్తగా గ్రహింపవలెను. ఈ నమూనాలో కణజాల నిర్మాణము జన్యువులను మించి శాసించినదని పరిశోధకులు వ్రాసిరి. "ఈ నమూనాలో" అను మాటను మరచి, కాన్సరు నయమగునని చెప్పుట తప్పు. కణములను విడదీసి యాంటీబాడీని తొలగింపగా అవి మరల పాత తీరునకే వచ్చినవి. జన్యుదోషము అణగినది గాని తొలగలేదు. ఎలుకలలో కంతుల సంఖ్య, పరిమాణము తగ్గినవి, అంతే. పరీక్షింపబడినదియు ఒకే కణవంశము.

తరువాతి అనుభవము ఈ హెచ్చరికను బలపరచినది. ఆల్ఫా-వి రకపు ఇంటెగ్రిన్లను అడ్డగించు సిలెంజిటైడ్ అను మందును మెదడు కాన్సరు రోగులు 500 మందికి పైగా పాల్గొన్న పరీక్షలో చూడగా, రోగుల ఆయువు పెరగలేదని 2014లో తేలినది. అట్టి మందులు స్వల్ప మోతాదులో, రక్తనాళముల వృద్ధికారక గ్రాహకము ద్వారా, ఎలుకలలో కంతులను పెంచగలవని 2009లోనే ఒక పరిశోధన చూపియుండెను. ఇంటెగ్రిన్ రకము వేరు, వ్యాధి వేరు; అయినను ఒక కొసను లాగినచో రెండవ కొస కదలుననుటకు ఇది నిదర్శనము.

కావున ఒక గ్రాహకమునకు కనుగొన్న మందు పళ్ళెములో పనిచేసినదని చదివినపుడు, ఆ కణములు అప్పుడు దేనిని పట్టుకొని యుండెనని పాఠకుడు అడుగుట న్యాయము. ఆ ప్రశ్నను మొదట గట్టిగ వేయించినందులకే బిస్సెల్ బృందము ప్రయోగములు నేటికిని చదువదగినవి.