బత్తా, జొన్నరొట్టె

మనకు హోటలంటే తినే చోటు. పడుకునేది లాడ్జి. ఈమధ్య లాడ్జీలన్నీ బోర్డులు మార్చి హోటళ్లయ్యాయి గానీ, నాకు పాత లెక్కే నయం. పడకా, తిండీ ఒకే కప్పు కింద పెట్టుకున్న రోజు జేబుకు చిల్లే.

ఆ సంగతి కడపలో తెలిసొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్త. బస్సు ఆలస్యమై రాత్రి పదింటికి దిగాను. లాడ్జి కుర్రాడు "తెచ్చిస్తా సార్" అని వెళ్లి, చల్లారిన ఫ్రైడ్ రైస్ తెచ్చాడు. బిల్లూ, వాడి చేతిలో పెట్టిందీ కలిపితే ఆ రోజు బత్తా చెల్లు. సగం తినలేక కవరు ముడేసి కిటికీలో పెట్టాను. తెల్లారేసరికి చీమలు వరసకట్టాయి. ఆ బత్తాతో పండగ చేసుకున్నది అవే.

తర్వాత ఇరవై ఏళ్లు నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కర్నూలుకీ కడపకీ తిరుగుతూనే ఉన్నాను. చవగ్గా తినాలంటే ముందు గడియారం చూసుకోవాలని ఆ తిరుగుడే నేర్పింది. సీమలో సాయంత్రపు తిండి నాలుగున్నరకు మొదలై ఎనిమిదిన్నరకల్లా సర్దేస్తారు. తొమ్మిదికి లాడ్జి మెట్లు దిగేవాడికి ఖరీదైనదే మిగులుతుంది.

అందుకే మొదటి విడత ఐదింటికి, ఉగ్గాని. బొరుగుల్ని నీళ్లలో ముంచి, మరీ మెత్తబడకముందే నీళ్లు పిండేసి, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయల తాలింపులో కలిపి, పైన పప్పుల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే దాన్ని ఉగ్గాని అనకూడదు. కోస్తా మిత్రుడొకాయన దీన్ని మరమరాల ఉప్మా అన్నాడు. ఆయనతో ఇంకా మాట్లాడుతున్నానంటే నా మంచితనమే.

ఐదింటికి అది పడితే, రాత్రికి రెండు జొన్నరొట్టెలు చాలు. కర్నూల్లో పొద్దుగూకే వేళ రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ల దగ్గర రొట్టె లెక్కన కొనుక్కోవచ్చు. నేను వెళ్లే చోట ఆమె పిండి ఒకేసారి కలిపి పెట్టుకోదు. జొన్నపిండికి గోధుమపిండి సాగుడు లేదు, వేడినీళ్లు పోసి అప్పటికప్పుడు పిసకాల్సిందే. ముద్దను పీట మీద పెట్టి అరచేత్తో తడుతూ తిప్పుతూ ఉంటే, ఆ చప్పుడుకు రొట్టె పీటంత వెడల్పవుతుంది. పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన నీళ్లు అద్దుతుంది. తడి ఆరగానే తిరగేసి, చివర్లో నిప్పుల మీద నిలబెడితే బుస్సుమని పొంగుతుంది. నేనోసారి పొట్లం కట్టించుకుని లాడ్జికి తీసుకుపోతానంటే ఒప్పుకోలేదు. "ఈడనే తిను సార్. ఆరిపోతే అట్ట అయితాది." బుడ్డల కారంతో అక్కడే నిలబడి తిన్నాను. అప్పట్నుంచీ పొట్లం మాట ఎత్తలేదు.

కడపలో కారం దోసె ఉంది. ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి కాల్చేది. వెన్న దోసె అడిగితే రేటు పెరుగుతుంది, మామూలుదే మంటగా బాగుంటుంది. సంగటి విషయంలోనే నాకు బాధ. కూలి చేసుకునేవాళ్ల ముద్ద అది. ఇప్పుడు నాటుకోడి పక్కన చేరి ఏసీ గదిలో కూర్చుంది. ఊరుబిండితో సంగటి అడిగితే సర్వర్ మనల్ని ఓసారి ఎగాదిగా చూస్తాడు. చూడనీయండి. అడగండి.

ఇంతకంటే చవక అన్న క్యాంటీన్. పూట 5 రూపాయలు. 2018లో తెరిచి, 2019లో మూసేసి, 2024 ఆగస్టు 15న మళ్లీ మొదలుపెట్టారు. తమిళనాడులో 2013లో వచ్చిన అమ్మ ఉణవగం దీనికి అక్కలాంటిది. రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది దాకా అన్నం, కూర, పప్పో సాంబారో, పెరుగు పెడతారు. నేనూ ఓ రాత్రి క్యూలో నిలబడ్డాను. అన్నానికి వంక పెట్టలేం. కానీ వెనక భుజం మీద తువ్వాలేసుకున్న హమాలీ ఒకాయన, చిల్లర పిడికిట్లో బిగించుకుని, గిన్నె వైపు చూస్తున్నాడు. ఈ ప్లేటు అసలు ఖర్చులో మిగతాది ప్రభుత్వమూ దాతలూ పెట్టుకుంటున్నది ఆయన కోసం. నా కోసం ఆఫీసు వేరే బత్తా ఇస్తోంది. తిన్నాను గానీ, అది మిగిల్చిన డబ్బుగా లెక్కలో రాసుకోలేకపోయాను. చవక వెతుక్కోవడం ఒకటి, చవక అవసరమైనవాళ్ల వరసలో దూరడం ఇంకొకటి. జేబులో రొట్టెకు సరిపడా డబ్బున్నవాళ్లు రొట్టె దగ్గరికే పోవాలని నా తీర్పు.

పైగా క్యాంటీన్‌కు ఆదివారం సెలవు. ఆ రాత్రి ఆ వరసంతా రొట్టెల వైపు మళ్లుతుంది. మీరు ఏడింటికే వెళ్లండి, పిండి అయిపోతుంది.